ఐపీటీజీ వేయగానే నా బ్యాక్టీరియా చచ్చిపోతోంది: ఎల్ఎల్-37 చేయించేదెలా?

పెట్రీప్లేట్_పావని
ఎమ్మెస్సీ బయోటెక్ ఆఖరి సెమిస్టర్ ప్రాజెక్టు నాది. మన తెల్లరక్తకణాల్లో, చర్మంలో ఉండే ఎల్ఎల్-37 అనే పెప్టైడ్‌ని (చిన్న ప్రోటీన్ ముక్క) ఈ. కోలై బ్యాక్టీరియా చేత తయారు చేయించాలి. బ్యాక్టీరియాని చంపే పెప్టైడ్ అది, పొడవు 37 అమైనో ఆమ్లాలే. జీన్ తయారు చేయించి తెప్పించాం, జీన్‌ని కణంలోకి మోసుకెళ్లే పెట్ వెక్టర్‌లో పెట్టాం, సీక్వెన్స్ చూసుకున్నాం, తప్పు లేదు. బీఎల్21 డీఈ3 అనే ఈ. కోలై రకంలోకి ఎక్కిస్తే ప్లేటు మీద పదో పదకొండో కాలనీలు వచ్చాయి. చాలావరకు సూదిమొనంత ఉన్నాయి, రెండు మాత్రం బాగా పెద్దవి. పెద్దదే తీసుకుని మొదటిసారి పెంచాను. అసలేమీ రాలేదు. తర్వాత చిన్నవాటితో చేశాను. ఓడీ (కల్చర్ ఎంత చిక్కబడిందో చెప్పే అంకె) 0.6 రాగానే, జీన్‌ని ఆన్ చేసే ఐపీటీజీ 1 మిల్లీమోలార్ వేశాను. గంటకి 0.5, రెండు గంటలకి 0.35. ఫ్లాస్క్ వంచి చూస్తే కల్చర్ బెండకాయ జిగురులా తీగలు సాగుతోంది. ప్రోటీన్లని సైజు వారీగా విడదీసే జెల్ మీద ఏమీ కనబడదు.

మూడుసార్లు చేశాను. "కాంటామినేషన్ అయ్యుంటుంది, మళ్లీ చెయ్యి" అంటున్నారు మా గైడ్‌గారు. ఇంకా ఏడు వారాలే ఉంది. నిద్ర పట్టట్లేదు, ఎవరైనా చెప్పండి.

కాలనీ_కౌంటర్
కాంటామినేషన్ కాదమ్మా. వేరే బ్యాక్టీరియా కలిసుంటే ఓడీ పెరగాలి గానీ తగ్గదు. ఆ జిగురు డీఎన్ఏ. కణాలు పగిలి లోపలిది బయటికొచ్చింది. నీ పెప్టైడ్ తయారైంది, తయారైన చోటే పని మొదలుపెట్టింది. అంటే నీ క్లోన్ సరైనదే.

పెద్ద కాలనీని మాత్రం ఎప్పుడూ నమ్మకు. విషం లాంటి జీన్ ఎక్కించిన ప్లేటు మీద హాయిగా పెరిగిందంటే ఆ జీన్‌ని ఎక్కడో పాడు చేసుకునే పెరిగింది. చిన్నగా, బెంగగా ఉన్న కాలనీలోనే అసలు సరుకు ఉంటుంది.

పెట్రీప్లేట్_పావని
అన్నా, మీ మాట చదివాక ప్రాణం లేచొచ్చింది. మరి జెల్ మీద ఎందుకు కనబడలేదు?

కాలనీ_కౌంటర్
ఎంత శాతం జెల్ పోశావు?

పెట్రీప్లేట్_పావని
12. మా ల్యాబ్‌లో అందరూ అదే పోస్తారు.

కాలనీ_కౌంటర్
ఎల్ఎల్-37 బరువు నాలుగున్నర కిలోడాల్టన్లే. 12 శాతం మామూలు జెల్‌లో అది నీలం రంగుతో పాటే కిందికి జారిపోయి ఉంటుంది. 16 శాతం ట్రైసిన్ జెల్ పొయ్యి, రంగు పూర్తిగా దిగకముందే ఆపు. ఇంకోటి, ఇంత చిన్న పెప్టైడ్ విడిగా తిరుగుతుంటే కణంలోని ప్రోటియేజ్‌లు, అంటే ప్రోటీన్లని కోసే ఎంజైమ్‌లు, కొరికేస్తాయి. బీఎల్21లో లాన్, ఆంప్‌టీ అనే రెండు లేవు, మిగతావి ఉన్నాయి.

బోస్టన్_బాబాయి
పావనికి వచ్చిన కష్టం చాలా పాతది. 1977లో ఇటకురా, బోయర్ బృందం సొమాటోస్టాటిన్ జీన్‌ని రసాయనికంగా కట్టి ఈ. కోలైలో పెట్టారు. 14 అమైనో ఆమ్లాల హార్మోన్. దాన్ని బీటా గెలాక్టోసిడేజ్ మొదటి ముక్క చివర తగిలిస్తే ఏమీ దొరకలేదు. అదే ప్రోటీన్‌ని దాదాపు మొత్తం ముందు ఉంచి దాని తోకకి తగిలించాక దొరికింది. పెద్ద ప్రోటీన్ చాటున ఉంటే ప్రోటియేజ్‌ల నోట పడలేదన్నమాట. మరుసటి ఏడాది ఇన్సులిన్ చేసింది కూడా ఈ దారిలోనే.

నీ కేసులో ఆ చాటు రెండు పనులు చేస్తుంది. పెప్టైడ్‌ని కణం నుంచి కాపాడుతుంది, కణాన్ని పెప్టైడ్ నుంచి కాపాడుతుంది. సుమో, థయోరెడాక్సిన్ అనే ప్రోటీన్లలో ఏదో ఒకటి ముందు తగిలించు. ఎల్ఎల్-37 మీద నికరంగా ప్లస్ 6 చార్జి ఉంటుంది. బ్యాక్టీరియా పొర మైనస్, డీఎన్ఏ కూడా మైనస్. ఎక్కడ వదిలినా పోయి దేనికో ఒకదానికి అతుక్కుంటుంది. తలకి బరువు కట్టి పంపితే ఆ దూకుడు తగ్గుతుంది.

ఓరుగల్లు_కెమిస్ట్
బాబాయి చెప్పింది సగం. తగిలించడం తేలిక, విడదీయడమే అసలు తంటా. ట్రిప్సిన్ వేస్తే లైసిన్, ఆర్జినిన్ ఉన్న చోటల్లా కోస్తుంది. ఎల్ఎల్-37లో అవి 11 ఉన్నాయి, పెప్టైడ్ ముక్కలైపోతుంది. సయనోజన్ బ్రోమైడ్ అయితే మెథియోనిన్ దగ్గరే కోస్తుంది, ఎల్ఎల్-37లో మెథియోనిన్ ఒక్కటి కూడా లేదు కాబట్టి అది వాడొచ్చు. 1977లో వాళ్లు వాడిందీ అదే. ఖర్చు తక్కువ, కోత ఖాయం.

కాలనీ_కౌంటర్
కెమిస్ట్ గారూ, దయచేసి ఈ సలహా ఎమ్మెస్సీ పిల్లలకి ఇవ్వకండి. 70 శాతం ఫార్మిక్ యాసిడ్‌లో సయనోజన్ బ్రోమైడ్, రాత్రంతా. విషపు ఆవిర్లని బయటికి లాగే ఫ్యూమ్ హుడ్ ఎన్ని పీజీ ల్యాబ్‌లలో సరిగ్గా పనిచేస్తుంది? మా పాత కాలేజీలో హుడ్‌ని పుస్తకాల బీరువాగా వాడేవారు, ఫ్యాన్ కాలిపోయి రెండేళ్లయినా ఎవరూ పట్టించుకోలేదు. పావనీ, సుమో ప్రోటియేజ్ వాడు. అది సుమో ఆకారాన్ని గుర్తుపట్టి, రెండు గ్లైసిన్ల తర్వాత సరిగ్గా కోస్తుంది. నీ పెప్టైడ్ ముందు అదనంగా ఒక్క అక్షరం కూడా మిగలదు.

ఓరుగల్లు_కెమిస్ట్
హుడ్ విషయంలో మీరు చెప్పింది సబబే, ఒప్పుకుంటున్నా. హుడ్ పనిచేయని చోట ఆ సీసా మూత తీయనే కూడదు.

ఇంకో లెక్క కూడా వేసుకోవాలి. సుమో 11 కిలోడాల్టన్లు, పెప్టైడ్ నాలుగున్నర. 100 మిల్లీగ్రాముల ఫ్యూజన్ (రెండూ అతికి ఉన్నది) వచ్చిందనుకుంటే అందులో పెప్టైడ్ 28, 29 మిల్లీగ్రాములు మించదు. జీఎస్‌టీ అనే ప్రోటీన్ తగిలిస్తే అది 26 కిలోడాల్టన్లు, అప్పుడు 15 దాటదు. కోతలో కొంత, కాలమ్‌లో కొంత పోతుంది. చేతికొచ్చేది చూసి బెంగపెట్టుకోవద్దు.

పెరుగుకుండ
నేను పాల డెయిరీ క్వాలిటీ విభాగంలో పనిచేస్తా, మీ భాష సగమే అర్థమైంది. కానీ ఒక సందేహం. మేం వాడే నైసిన్ కూడా పెప్టైడే కదా, బ్యాక్టీరియానే తయారు చేస్తుంది కదా. దానికి ఏ తలబరువూ లేదు. అది ఎందుకు చావదు?

బోస్టన్_బాబాయి
ఈ దారంలో ఇప్పటిదాకా వచ్చిన ప్రశ్నల్లో ఇదే మంచిది. కూర్చుని రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

నైసిన్‌ని చేసేది లాక్టోకాకస్ లాక్టిస్, పాలల్లో ఉండేదే. 1928లో దాని జాడ తెలిసింది, 1947లో పేరు పెట్టారు. 34 అమైనో ఆమ్లాలు. కణంలో ప్రోటీన్లు కట్టే రైబోజోమ్ మీద పుట్టేటప్పుడు మాత్రం 57 ఉంటాయి, ముందున్న 23 లీడర్. ఆ లీడర్ ఉన్నంతసేపూ పెప్టైడ్‌కి కోరలు ఉండవు. తర్వాత నిస్‌బి అనే ఎంజైమ్ కొన్ని సెరిన్, త్రియోనిన్‌ల నుంచి నీటిని తీసేస్తుంది. నిస్‌సి వాటిని సిస్టీన్‌లతో ముడివేసి ఐదు ఉంగరాలు కడుతుంది. నిస్‌టి బయటికి తోస్తుంది. కణం బయట, గోడ దగ్గర కాపుకాసే నిస్‌పి అప్పుడు లీడర్‌ని కోస్తుంది. కత్తిని ఒరలో పెట్టి ఇంట్లోంచి తీసుకెళ్లి, గుమ్మం దాటాక దూసినట్టు.

బయట తిరిగే నైసిన్ వెనక్కొచ్చి తననే పొడవకుండా నిస్‌ఐ అనే ప్రోటీన్ దాన్ని పట్టుకుంటుంది. నిస్‌ఎఫ్, ఈ, జీ కలిసి పొరలోకి దిగినదాన్ని తోడి బయట పారేస్తాయి. ఇంత ఏర్పాటు ఉంది కాబట్టే బతుకుతోంది. మనం ఈ. కోలైకి ఎల్ఎల్-37 కత్తి ఒక్కటే ఇచ్చాం, ఒర ఇవ్వలేదు. సుమో మనం కుట్టిచ్చే ఒర.

పెరుగుకుండ
ఒర మాటతో మొత్తం అర్థమైంది. ప్రాసెస్డ్ చీజ్ పొట్లం మీద 234 అనే అంకె ఉంటే అది నైసినే, చూసుకోండి. మా అనుభవంలో స్పోర్‌ల (గట్టి పెంకు కట్టుకున్న బ్యాక్టీరియా) మీద బాగా పనిచేస్తుంది. ఈ. కోలై లాంటివాటి మీద ఒంటరిగా వాడితే లాభం లేదు.

కాలనీ_కౌంటర్
వాటికి బయట ఇంకో పొర ఉంటుంది. నైసిన్ పట్టుకోవాల్సిన లిపిడ్ 2 లోపలి పొరలో ఉంటుంది. తలుపు దాటితేగా.

జీడితోట_శ్రీకాకుళం
అయితే ఆ నిస్‌బి, నిస్‌సిలని తెచ్చి ఈ. కోలైలో పెడితే మనకి కావాల్సిన పెప్టైడ్‌కి ఉంగరాలు కట్టిస్తుందా?

బోస్టన్_బాబాయి
కట్టిస్తుంది, చేసి చూపించారు కూడా. ఆ ఎంజైమ్‌లు లీడర్‌ని చూసి పట్టుకుంటాయి, వెనక ఏముందన్నది అంతగా పట్టించుకోవు. లీడర్ తర్వాత వేరే పెప్టైడ్ తగిలించినా చాలాసార్లు పనికి దిగుతాయి. ఈ రంగంలో నాకు అన్నిటికన్నా ఆశ కలిగించేది ఇదే.

తంగేడుపువ్వు
ఇంతసేపూ చదివాను. ఎవరూ అడగలేదు కాబట్టి అడుగుతున్నా. బ్యాక్టీరియాని చంపే మందుని తయారు చేసే బ్యాక్టీరియా ల్యాబ్ బయటికొస్తే? మాది పటాన్‌చెరు దగ్గర పల్లె. ఫ్యాక్టరీ నీళ్లు వాగులో కలిసి మా చిన్నాన్న బర్రెలు ఎలా అయ్యాయో కళ్లారా చూశాను. "అంతా భద్రంగానే ఉంది" అన్న మాట విని విని ఉన్నాం.

కాలనీ_కౌంటర్
అడగాల్సిన ప్రశ్నే అక్కా. బీఎల్21 తరతరాలుగా ల్యాబ్‌లో మెత్తని తిండికి అలవాటుపడిన రకం, బయట మట్టిలో మిగతావాటితో పోటీపడి బతకడం కష్టం. పైగా పావని చూసింది కదా, ఈ జీన్ దానికి భారమే గానీ లాభం కాదు. నాకు భయం వేరే చోట. వెక్టర్‌లో కనమైసిన్‌ని తట్టుకునే జీన్ ఉంటుంది. అది వేరే బ్యాక్టీరియాకి చేరకూడదు. అందుకే ప్రతి ఫ్లాస్కూ, ప్రతి ప్లేటూ 121 డిగ్రీల ఆటోక్లేవ్‌లో ఉడికాకే బయటికెళ్లాలి. సంస్థకి బయోసేఫ్టీ కమిటీ ఉండాలి. పావనీ, మీ దగ్గర సింకులో పోసే అలవాటు ఉంటే ఇవాళే మానిపించు.

పెట్రీప్లేట్_పావని
మేం ఆటోక్లేవ్ చేస్తాం అన్నా. వాసన భరించలేం గానీ చేస్తాం.

ఫెర్మెంటర్_రావు
తంగేడుపువ్వు గారి మాట కొట్టిపారేయొద్దు. పటాన్‌చెరులో శుద్ధి ప్లాంటు నుంచి బయటికొచ్చే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకి 31 మిల్లీగ్రాముల వరకు ఉందని 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు అచ్చేశారు. మనిషి మందు వేసుకున్నప్పుడు రక్తంలో ఉండేదానికన్నా ఎక్కువ అది. సూక్ష్మజీవి తప్పించుకోవడం కన్నా మందే నీళ్లలో కలవడం పెద్ద ప్రమాదం. పెప్టైడ్ మందులు చేసేవాళ్లకీ ఈ బాధ్యత ఉంది.

నేను 26 ఏళ్లు ఫెర్మెంటేషన్‌లో చేశాను. ఫ్లాస్క్‌లో వచ్చింది ట్యాంకులో రాదు, అది వేరే లోకం. డాప్టోమైసిన్ అనే యాంటీబయాటిక్ సంగతి చెప్తా. స్ట్రెప్టోమైసిస్ రోజియోస్పోరస్ చేస్తుంది, 13 అమైనో ఆమ్లాలు, వెనక ఒక కొవ్వు తోక. దాని మానాన దాన్ని వదిలేస్తే రకరకాల పొడవు తోకలతో కలగాపులగంగా చేసి ఇస్తుంది. మందుకి కావాల్సింది పది కార్బన్ల తోక ఒక్కటే. అందుకని పెరిగేటప్పుడే డెకనోయిక్ యాసిడ్ తినిపిస్తారు. ఎక్కువ పోస్తే అదే విషమై సూక్ష్మజీవి చస్తుంది, తక్కువైతే తోకలు మళ్లీ కలిసిపోతాయి. పసిపిల్లకి ఉగ్గు పోసినట్టు చుక్క చుక్కగా, రోజుల తరబడి పోయాలి. ఆ యాసిడ్ 31 డిగ్రీలకే కరుగుతుంది, చలికాలం తెల్లవారుజామున పైపులో గడ్డకట్టుకుపోతుంది. పైపు చుట్టూ వేడినీళ్లు తిప్పుతూ కాపలా కాసిన రాత్రులు నాకింకా గుర్తు. మేకల దొడ్డి వాసన. స్నానం చేసినా పోదు, ఇంటికెళ్తే మా ఆవిడ గుమ్మంలోనే బట్టలు మార్పించేది.

పెరుగుకుండ
రావు గారూ, ఇలాంటివి ఇంకా రాయండి. పుస్తకాల్లో ఉండవు.

జీడితోట_శ్రీకాకుళం
డాప్టోమైసిన్ జీన్‌ని కూడా ఈ. కోలైలో పెట్టి సుమో తగిలించొచ్చు కదా రావు గారూ, ఈ మేకల వాసన లేకుండా?

బోస్టన్_బాబాయి
అక్కడే చాలామంది పొరబడతారు. డాప్టోమైసిన్‌కీ, కొలిస్టిన్‌కీ, బాసిట్రాసిన్‌కీ, వాంకోమైసిన్‌కీ "ఈ అమైనో ఆమ్లం తర్వాత ఇది" అని చెప్పే చిన్న జీన్ ఉండదు. అవి రైబోజోమ్ మీద పుట్టవు. పెద్ద పెద్ద ఎంజైమ్‌లు వరసగా నిలబడి, ఒక్కో గది ఒక్కో అమైనో ఆమ్లాన్ని ఎంచుకుని పక్క గదికి అందిస్తుంది. ఇటుకలు చేతులు మారుతూ పైకెళ్లినట్టే. పెప్టైడ్‌లో ఒక్క అక్షరం మార్చాలంటే ఆ గదినే మార్చాలి. మార్చిన గది పక్క గదులతో సరిపడాలి. డాప్టోమైసిన్ గదులు అటూ ఇటూ మార్చి కొత్త రకాలు చేశారు, కొన్ని బాగానే పనిచేశాయి. చాలావాటిలో మాత్రం వచ్చే పరిమాణం బాగా పడిపోయింది.

రాత్రిడ్యూటీ_డాక్టర్
ఐసీయూలో పనిచేస్తాను, డ్యూటీ మధ్యలో రాస్తున్నా. మీరంతా తయారీ గురించే మాట్లాడుతున్నారు. వాడే వైపు నుంచి చెప్తా.

కొలిస్టిన్ 1940ల చివర్లో దొరికిన మందు. కిడ్నీలు పాడుచేస్తోందని పక్కన పెట్టేశాం. మిగతావి పనిచేయడం మానేశాక మళ్లీ బయటికి తీశాం. ఇవాళ్టికీ రోగి మూత్రం సంచీ చూస్తూ, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ చూస్తూ, చేతులు వణుకుతూ ఇస్తాం. దాన్ని కోళ్లకి బరువు పెరగడానికి తినిపించారు. దాన్ని ఓడించే ఎంసీఆర్-1 జీన్ ప్లాస్మిడ్ అనే విడి డీఎన్ఏ ఉంగరం మీద ఉందని 2015లో చైనా నుంచి వార్త వచ్చింది, అంటే ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి తేలిగ్గా పోతుంది. మన దేశంలో పశువులకి, కోళ్లకి కొలిస్టిన్‌ని నిషేధించింది 2019లో. అప్పటికే ఆలస్యమైంది.

కొత్త పెప్టైడ్‌లు కావాలి, ఎంత తొందరగా వస్తే అంత మంచిది. కానీ ఎల్ఎల్-37 మన ఒంట్లోని ఆయుధం. దాన్నే మందుగా చేసి ఊరంతా వాడితే, దాన్ని తట్టుకోవడం బ్యాక్టీరియా నేర్చుకుంటే, మన చర్మం మనల్ని కాపాడగలదా? ఇది నన్ను నిజంగా భయపెడుతుంది.

బోస్టన్_బాబాయి
డాక్టర్ గారూ, పెప్టైడ్‌లు పొరనే కొడతాయి కాబట్టి వాటిని తట్టుకోవడం బ్యాక్టీరియాకి దాదాపు అసాధ్యం అని మా తరం చదువుకుంది.

రాత్రిడ్యూటీ_డాక్టర్
ఎంసీఆర్-1 చేసేది అదే కదండీ. పొరలోని లిపిడ్ ఏకి ఒక చిన్న గుంపు తగిలించి మైనస్ చార్జి తగ్గిస్తుంది, కొలిస్టిన్ పట్టు జారిపోతుంది.

బోస్టన్_బాబాయి
నిజమే. నా మాట వెనక్కి తీసుకుంటున్నా. కప్ప చర్మంలో మగైనిన్‌లని 1987లో కనిపెట్టిన జాస్లాఫ్ కూడా ఒకప్పుడు అలాగే నమ్మారు. దాని నుంచి చేసిన పెక్సిగనాన్ మోతాదు మెల్లమెల్లగా పెంచుతూ పోతే 600, 700 తరాల్లోనే బ్యాక్టీరియా తట్టుకోవడం నేర్చింది. ఆ 2006 ప్రయోగంలో ఆయనే భాగస్వామి. తను నమ్మినదాన్ని తనే పరీక్షకి పెట్టడం నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది.

అందుకే ఎల్ఎల్-37ని ఉన్నదున్నట్టు మందు చేయమని నేనూ అనను. ఎలా చేయించాలో నేర్చుకోవడానికి అది మంచి పాఠం. మందుగా వెళ్లాల్సింది మన ఒంటి పెప్టైడ్‌లకి దూరంగా ఉండేవి, నైసిన్ లాంటి ఉంగరాలవి.

ఓరుగల్లు_కెమిస్ట్
మన దగ్గర ఈ పని కొత్తేమీ కాదని పావని లాంటివాళ్లకి తెలియాలి. ఎద్దు వీర్యద్రవంలో సెమినల్‌ప్లాస్మిన్ అనే బ్యాక్టీరియాని చంపే ప్రోటీన్ ఉందని హైదరాబాద్‌లో పుష్ప భార్గవ గారి బృందం 1979లోనే నేచర్‌లో రాసింది. తర్వాత సీసీఎంబీ పరిశోధన సంస్థలో నాగరాజ్ గారి ల్యాబ్ ఏళ్ల తరబడి ఈ పెప్టైడ్‌ల మీదే పనిచేసింది. మగైనిన్ కన్నా ముందు మాట!

తంగేడుపువ్వు
ఎద్దు సంగతి ఇవాళే విన్నా. మా చిన్నాన్నకి చెప్తే నమ్మడు.

పెట్రీప్లేట్_పావని
ఐదు వారాల తర్వాత వస్తున్నా, ఏమీ అనుకోవద్దు. సుమో వెక్టర్ పక్క డిపార్ట్‌మెంట్ అక్క ఇచ్చింది. మీడియాలో 1 శాతం గ్లూకోజ్ వేసి పెంచాను, ఐపీటీజీ వేయకముందే జీన్ పనిచేయడం మొదలుపెట్టకుండా. తర్వాత గ్లూకోజ్ లేని మీడియాలోకి మార్చి, ఐపీటీజీ 0.2 మిల్లీమోలార్‌కి తగ్గించి, 20 డిగ్రీల్లో రాత్రంతా పెట్టాను. పొద్దున ఆరింటికి హాస్టల్ నుంచి పరుగెత్తుకెళ్లి చూస్తే ఓడీ 2.8. జిగురు లేదు! షేకర్ ముందు నిలబడి ఏడ్చేశాను.

నికెల్ కాలమ్‌లో శుద్ధి చేస్తే ఫ్యూజన్ బ్యాండ్ లావుగా వచ్చింది, 20 కిలోడాల్టన్ల దగ్గర. సుమో ప్రోటియేజ్‌తో కోశాక ట్రైసిన్ జెల్ మీద అడుగున సన్నటి గీత. అదే నా ఎల్ఎల్-37. లీటరుకి 3 మిల్లీగ్రాములు.

ఇప్పుడు కొత్త సమస్య. బ్యాక్టీరియా పరిచిన అగార్ ప్లేటు మీద పెప్టైడ్ అద్దిన డిస్క్ పెట్టి చూస్తే చుట్టూ బ్యాక్టీరియా లేని ఖాళీ వలయమే రాలేదు. వైవా పది రోజుల్లో ఉంది.

కాలనీ_కౌంటర్
లీటరుకి 3 తక్కువేం కాదు, మొదటిసారికి బాగా వచ్చినట్టే. 20 దగ్గర కనబడినందుకు కంగారుపడకు, సుమో ఫ్యూజన్‌లు ఉన్నదానికన్నా పెద్దగా కనబడతాయి.

డిస్క్ వదిలెయ్. అగార్‌లో మైనస్ చార్జి ఉంటుంది, నీ పెప్టైడ్ డిస్క్ పక్కనే అతుక్కుని కదలదు. ద్రవంలో చెయ్. 96 గుంటల ప్లేటు పాలీప్రొపిలీన్‌ది తీసుకో. మామూలు పాలీస్టైరీన్ ప్లేటు గోడలకి కూడా ఇది అతుక్కుంటుంది. ఉప్పు ఎక్కువున్న మీడియాలోనూ దీని పని మందగిస్తుంది, పలచన చేసి చూడు.

పెట్రీప్లేట్_పావని
పాలీప్రొపిలీన్ ప్లేటు మా దగ్గర లేదు అన్నా. పీసీఆర్ ట్యూబులు పాలీప్రొపిలీనే కదా, వాటిలో చేయొచ్చా?

కాలనీ_కౌంటర్
చేయొచ్చు. చివరిది పెప్టైడ్ లేకుండా ఉంచు, పోల్చుకోవడానికి. రాత్రి పెట్టి పడుకో.

పెట్రీప్లేట్_పావని
పెప్టైడ్ తగ్గించుకుంటూ ఎనిమిది ట్యూబులు పెట్టాను. మొదటి మూడూ నీళ్లలా తేటగా ఉన్నాయి. నాలుగోదాంట్లో అడుగున చిన్న తెల్ల చుక్క. ఐదు నుంచి అన్నీ మజ్జిగలా ఉన్నాయి. ఫోటో తీసి గైడ్‌గారికి పంపాను.

ఫెర్మెంటర్_రావు
ఏమన్నారు?

పెట్రీప్లేట్_పావని
"రేపు ఇంకోసారి చెయ్యి, నేనూ వస్తా" అన్నారు.